ఒకే మనిషి మీద రెండు రిపోర్టులు

ట్రస్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "విచారణ ఎలా చేయాలి మేడం?" అని అడుగుతారు. ఎలా చేయాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎలా చేస్తే ఏమవుతుందో చెప్పడానికి నేనున్నాను.

హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ట్రస్టుకు కార్యదర్శిగా వెళ్ళాను. అది ఒకప్పుడు రంగుల కంపెనీ. కంపెనీ మూతబడింది. యజమాని చనిపోయే ముందు ఆ స్థలాన్నీ కొంత డిపాజిట్‌నూ ట్రస్టుకు రాశారు. మా ఆఫీసు రెండు గదులు, పైన ఒక మీటింగు హాలు. ముందు ఖాళీ ఆవరణ. ఆ ఆవరణలో లారీలు తూచే పాత కాటా ఒకటి తుప్పుపట్టి నేలకు అంటుకుని ఉండేది. నేను చేరిన ఏడాదే దాన్ని అమ్మేద్దామని కొటేషన్లు తెప్పించాను. ఎవరూ సంతకం పెట్టలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఏ సంవత్సరమో నా డైరీలో ఉంది. ఇక్కడ రాయను. రాస్తే ఆ ఏడాది అవార్డు ఎవరికిచ్చారో వెతికి పట్టుకోవడం ఎంతసేపు? మెట్రో వచ్చాక, ఉప్పల్ చౌరస్తాలో పాదచారుల వంతెన కట్టాక అని మాత్రం చెప్తాను.

ట్రస్టు చేసే పని ఒక్కటే. తన కళతో పదిమందికి పనికొచ్చే పని చేసేవారికి ఏటా ఒక అవార్డు. శాలువా, జ్ఞాపిక, చెక్కు అందరూ ఇచ్చేవే. మా దాంట్లో ఒక ప్రత్యేకత ఉంది. అవార్డు అందుకున్నవారికి పారిశ్రామికవాడ సంఘం హాల్లో అరగంట ఇస్తాం. ఆ అరగంటలో వాళ్ళు పాడవచ్చు, ఆడవచ్చు, తిట్టవచ్చు. ముందు వరుసలో కంపెనీల యజమానులు కూర్చుని వినాలి. మధ్యలో లేవకూడదు. ఇది ట్రస్టుకు స్థలం రాసిచ్చిన ఆ పెద్దాయన పెట్టిన ఆనవాయితీ. "శాలువా కప్పి పంపించేస్తే వాళ్ళు చెప్పేది మనమెప్పుడు వింటాం?" అనేవారట.

ఆయనే ఒక నియమం కూడా పెట్టారు. పేరు పరిశీలనలో ఉన్న సంగతి ఆ మనిషికి తెలియకూడదు. తెలిస్తే ఆ పేరు కొట్టేయాలి. అంతకుముందొకసారి ఒక కవిగారు ఎలాగో తెలుసుకుని ఇద్దరు ఎమ్మెల్యేల ఉత్తరాలు పట్టుకొచ్చారట. అప్పటినుంచి ఈ నియమం. పేరు సూచించినవాళ్ళు కూడా నోరు విప్పబోమని రాసివ్వాలి. కార్యదర్శి వాళ్ళ వీధికి వెళ్ళి, ఎందుకో చెప్పకుండా, ఇరుగుపొరుగును అడిగి రావాలి. అడగాల్సిన ప్రశ్నలు పెద్దాయనే రాసిపెట్టారు. మనిషి ఎలాంటిది? కోపమా, శాంతమా? ఇంట్లో ఎవరెవరున్నారు? అప్పులున్నాయా? తాగుడు లాంటివి ఉన్నాయా? నలుగురితో ఎలా ఉంటుంది? ఆరోగ్యం ఎలా ఉంటుంది?

ఆ ప్రశ్నల్ని మీరు ఇప్పుడు చదువుతున్నారు కాబట్టి మీకు ఏదో స్ఫురించి ఉంటుంది. నాకు స్ఫురించలేదు.

ఆ ఏడాది వచ్చిన పేర్లలో ఒకటి ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఒక బస్తీలో ఉండే అమ్మాయిది. ముప్పై దాటింది, పెళ్ళి కాలేదు. పగలు టైలరింగ్ సెంటర్లో కుట్టు నేర్పుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ, తన బస్తీలోనే ఉండే కంపెనీ పనివాళ్ళు కొందరితో కలిసి, గేట్ల ముందు చిన్న నాటకాలు వేస్తుంది. రంగులూ రసాయనాలూ చేసే చోట ఆడవాళ్ళ చేతులు ఎలా కాలిపోతున్నాయో వాటిలో చెప్తుంది. ఆ పేరు పంపింది ఆ చేతులకు కట్లు కట్టే ఒక డాక్టరమ్మ. ఆవిడ ఉత్తరంలో ఒక మాట నాకు బాగా గుర్తుంది: "శాలువా ఇవ్వకపోయినా పర్వాలేదు, ఆ అరగంట ఇవ్వండి. ఇప్పుడు గేట్ల దగ్గర వాచ్‌మన్లు తరిమేస్తున్నారు. యజమానులు ఒక్కసారి కూర్చుని చూస్తే చాలు." ఉత్తరంతో ఫొటోలు కూడా ఉన్నాయి. గేటు ముందు గుంపు, మధ్యలో ఆ అమ్మాయి, పక్కన నుదుట పెద్ద పుట్టుమచ్చ ఉన్న ఒకావిడ డబ్బా వాయిస్తోంది.

విచారణకు నేనూ మా డ్రైవరూ వెళ్ళాం. ఆయనది కీసర దగ్గర పల్లె. మనిషి మంచివాడు, మాట ఆగదు. వీధి చివర ఛాయ్ కొట్టు దగ్గర కారు ఆపి ఆయన అక్కడే ఉన్నాడు. నేను లోపలికి నడిచాను.

మొదటి ఇంట్లోనే నాకు కుర్చీ వేశారు.

"ఆ పిల్లనా? బంగారమమ్మా," అంది ఇంటావిడ. "నోట్ల నాలుక లేదు. పొద్దుగాల కుట్టు సెంటర్‌కి పోతది, పొద్దూకి ఇంటికొస్తది. అంతే."

"నాటకాలు వేస్తుందని విన్నాను."

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "ఎవరు జెప్పిన్రమ్మా మీకు? గసోంటియి ఏం లేవు. గిట్టనోల్లు ఏదన్న అంటరు, మీరు నమ్మకున్రి."

రెండో ఇంట్లో, మూడో ఇంట్లో కూడా ఇదే. కోపమా? కోపమంటే ఏందో తెల్వదు. అప్పులు? ఇల్లు సొంతమే, కావాల్నంటే మా మిద్దెక్కి చూడున్రి, వాల్లు ఇంకో అంతస్తు ఏసుకోవచ్చు. నేనెందుకు మిద్దె ఎక్కాలో అర్థం కాలేదు కానీ ఎక్కాను. ఒకావిడ నిమ్మకాయ షర్బత్ ఇచ్చింది. ఇంకొకావిడ ఫోన్లో ఆ అమ్మాయి పట్టుచీరలో ఉన్న ఫొటో చూపించి, "గిది పోయిన క్రిస్మస్‌ది. పిల్ల తెలుపే, ఫోన్ల జర నలుపు పడ్డది" అంది. నేను నా కాగితం మీద "వీధివారు స్నేహశీలురు" అని రాసుకున్నాను.

నాలుగో ఇంట్లో తలుపు తీసినావిడను చూసి ఆగిపోయాను. నుదుట పుట్టుమచ్చ. ఫొటోలో డబ్బా వాయిస్తున్న మనిషే.

"మీరు ఆ అమ్మాయి నాటకం ఎప్పుడైనా చూశారా?" అన్నాను.

"నాటకమా? నేను టీవీ గూడ చూడనమ్మా," అంది కళ్ళార్పకుండా.

ఆ అమ్మాయివాళ్ళు క్రైస్తవులు. జనగామ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. కాబట్టి చర్చిలో కూడా అడగాలి కదా అని వీధి మలుపులో ఉన్న చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు లేరు, ఆయన భార్య ఉంది. నేను ప్రశ్న మొదలుపెట్టగానే చాప పరిచి కూర్చోమంది.

"ప్రార్థన జేసే పిల్లమ్మా. సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పుతది. మీరు ఏ చర్చికి పోతరమ్మా?"

"నేను చర్చికి వెళ్ళనండి."

ఆవిడ ఆలోచనలో పడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదులే. అంతా దేవుని చిత్తం. మనసులు గలవాలె, అంతే," అంది.

ఎవరి మనసులు? నాకేమీ అర్థం కాలేదు. కారెక్కేసరికి డ్రైవరు ఉత్సాహంగా ఉన్నాడు.

"మస్తు మంచి బస్తీ మేడం. ఛాయ్ పైసలు గూడ తీస్కోలే. నలుగురు గూడి నా పక్కన కూసున్నరు. నేను యాడ పనిజేస్త, మా పిలగాడు ఏం జేస్తడు, ఎంత సంపాయిస్తడు, అన్ని అడిగిన్రు. పట్నంల గింత ఆప్యాయంగ ఎవరడుగుతరు?"

"మీరేం చెప్పారు?"

"ఉన్నదే జెప్పిన. ఐటీఐ జేసిండు, ఉప్పల్ల ఏసీలు బాగుజేస్తడు, అలవాట్లు ఏం లెవ్వని."

నేను ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. విన్నది విన్నట్టు రాయడం నా అలవాటు. "పదకొండు ఇళ్ళలో, చర్చిలో విచారించడమైనది. అభ్యర్థి సౌమ్యురాలు. నామినేషన్‌లో పేర్కొన్న నాటకాలు వీధిలో ఎవరూ చూడలేదు, వినలేదు. ఫొటోలో ఉన్న ఒక మహిళ కూడా తనకు తెలియదన్నది." కింద సంతకం పెట్టాను. పెట్టాక చాలాసేపు ఆ ఫొటోలనే చూశాను. డాక్టరమ్మ అబద్ధం చెప్పిందా? ఫొటోలు తయారు చేశారా? ఈ రోజుల్లో ఏదైనా తయారు చేయవచ్చంటారు. కానీ ఒక కుట్టు టీచరు కోసం అంత శ్రమ ఎవరికి?

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి తల్లి మా ఆఫీసుకు వచ్చింది. తెల్లచీర, చేతిలో సంచి. ఒకప్పుడు దవాఖానాలో ఆయాగా పనిచేసిందట. భర్త పోయి చాలా కాలమైంది.

"వందనాలమ్మా," అని నా బల్ల మీద బత్తాయిలు పెట్టింది. తర్వాత ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చింది. పైన అమ్మాయి ఫొటో. కింద పుట్టినరోజు, ఎత్తు, చదువు, బాప్తిస్మం తీసుకున్న చర్చి, మేనమామల పేర్లు.

"మీరే మళ్ళొస్తరేమో అని చూసినమమ్మా. రాకపోతిరి. మీ డ్రైవర్ సారు గీడ పనిజేస్త అన్నడంట గదా, అడుక్కుంట వచ్చిన. అబ్బాయిది ఏసీల పనంట. మంచిదే, ఎండకాలం మస్తు గిరాకుంటది. వయసే మా పిల్లకంటె జర తక్కువంట. గది మాకు ఇబ్బంది లేదు, మీకు లేకపోతె."

అప్పుడు అర్థమైంది. మిద్దె, షర్బత్, పట్టుచీర ఫొటో, మనసులు కలవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. చేతిసంచీతో ఒక పెద్దావిడ వీధిలోకి వచ్చి, ఒక పెళ్ళికాని పిల్ల పేరు చెప్పి, కోపమా శాంతమా, అప్పులున్నాయా, ఆరోగ్యం ఎలా ఉంటుంది అని అడిగితే, ఆఖరికి చర్చిలో కూడా అడిగితే, మన వీధుల్లో ఎవరైనా ఏమనుకుంటారు? గేట్ల దగ్గర నాటకాలాడే పిల్ల అంటే సంబంధం తప్పిపోతుందని, వీధి వీధంతా కూడబలుక్కోకుండానే ఒక్క మాట మీద నిలబడింది.

తల్లి ఇంకా చెప్తూనే ఉంది. "నాటకాలని ఎవరన్న మీ చెవిల ఏసిన్రేమో. మాన్పిస్తనమ్మా. నా మాట ఇంటది."

అవార్డు దేనికో ఆ పనే మాన్పిస్తానంటోంది. నిజం చెప్తే నియమం ప్రకారం పేరు పోతుంది. చెప్పకపోతే నాటకాలు పోతాయి.

"అమ్మా, నేను సంబంధం కోసం రాలేదు," అన్నాను. "ఎందుకు వచ్చానో చెప్పకూడదు. మీ అమ్మాయి ఏ పని చేస్తోందో అది చేసుకోనివ్వండి."

ఆమె చుట్టూ చూసింది. గోడ మీద దండ వేసిన పెద్దాయన ఫొటో, దాని కింద పాత కంపెనీ బోర్డు, కిటికీలోంచి లారీల కాటా. కాగితాన్ని నెమ్మదిగా కవరులో పెట్టుకుంది.

"అంటే మీరు కంపెనీలోల్ల మనుషులా?"

"కాదమ్మా."

"మరి కంపెనీల కూసున్నరు గద. నా బిడ్డ మీద ఏమన్న కేసు పెడుతున్రా?"

కాదన్నాను. మరేమిటో చెప్పలేకపోయాను. బత్తాయిలు వదిలేసి ఆమె వెళ్ళిపోయింది.

డ్రైవరును పిలిచి జరిగింది చెప్పాను. ఆయన నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "నా కొడుక్కు ఇరవై రెండేండ్లు మేడం! ఇంట్ల దెలిస్తె మా ఆమె నన్ను కొడ్తది."

మొదటి రిపోర్టు తప్పని ఇప్పుడు తెలుసు. కానీ దాని స్థానంలో ఏం రాయాలి? "వీధివారు చెప్పినదానికి వ్యతిరేకమైనది నిజమని గ్రహించాలి" అని రాయగలనా? నేను చూడలేదు, ఎవరూ చెప్పలేదు. మళ్ళీ వెళ్ళి సరిగ్గా అడగాలనుకుని రెండోసారి వెళ్ళాను. ఈసారి కారు తీసుకెళ్ళలేదు. చేతిసంచీ కూడా ఇంట్లోనే పెట్టాను.

కుర్చీ వేసిన ఇంట్లో తలుపు సగమే తెరుచుకుంది. "ఆ పేరుతోని ఈడ ఎవరు లేరు."

"ఆ రోజు నాకు కుర్చీ వేశారు కదమ్మా?"

"నేను గాదు."

షర్బత్ ఇచ్చినావిడ కిటికీలోంచే చెప్పింది, ఖాళీ చేసి పోయారని. పుట్టుమచ్చ ఆవిడ మాత్రం బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పెద్దమనిషివని షర్బతులు బోసినం. సంబంధమని జెప్పి కంపెనీలోల్లకు మా లెక్కలు మోస్తున్నవా? నీకు బిడ్డలు లేరా?"

సంబంధమని నేను ఎప్పుడూ చెప్పలేదు అనబోయాను. కాదని కూడా ఎప్పుడూ చెప్పలేదు కదా అనిపించి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి రెండో రిపోర్టు రాశాను. విన్నది విన్నట్టే. కొన్నాళ్ళకు డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ గొంతులో కోపం.

"మేడం, మీరు అక్కడ ఏం అడిగారు? ఆడవాళ్ళెవరూ నాటకానికి రావడం లేదు. ఎవరో యజమానుల తరఫున ఆరా తీస్తున్నారని, పనిలోంచి తీసేస్తారని హడలిపోతున్నారు. ఆ పిల్ల ఒక్కతే గేటు ముందు నిలబడి వచ్చేస్తోంది. నేను నోరు విప్పనని మీకు రాసిచ్చాను కాబట్టి చూస్తూ కూర్చున్నా."

వాచ్‌మన్లు ఇన్నాళ్ళు తరిమినా ఆగని పని, నా విచారణకు ఆగిపోయింది. ఉద్యోగంలో పొరపాట్లు చాలా చూశాను. దారి తప్పిన వోచర్లు, రెండుసార్లు పాసైన బిల్లులు. అవన్నీ దిద్దుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది. దీన్ని ఏ పద్ధతిలో దిద్దాలో నాకు తోచలేదు.

అలాంటి సమయంలో కమిటీ సమావేశం వచ్చింది. సభ్యులు ముగ్గురు. అధ్యక్షుడు రిటైరైన శాస్త్రవేత్త, మాట మెత్తన. రెండో ఆవిడ ఒక కాలేజీకి ప్రిన్సిపాల్. మూడో ఆయన ఇదే పారిశ్రామికవాడలో కంపెనీ ఉన్న యజమాని. నేను రెండు రిపోర్టులూ చదివాను.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మేడం, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చెప్పండి. మొదటి రిపోర్టు ప్రకారం ఈ అమ్మాయి ఏమీ చేయదు. రెండో దాని ప్రకారం ఈ అమ్మాయే లేదు."

"అవునండీ."

"మీ అభిప్రాయం?"

"ఉందండీ. చేస్తోంది కూడా. కానీ నా దగ్గర రుజువు లేదు."

"అయితే ఈ పేరు పక్కన పెట్టేద్దాం," అన్నారు యజమాని. ప్రిన్సిపాల్ తర్వాతి ఫైలు అందుకుంది.

అప్పుడే కింద గోల వినిపించింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాం. ఆవరణ నిండా ఆడవాళ్ళు. నేను వెళ్ళిన ఇళ్ళలోనివాళ్ళు దాదాపు అందరూ ఉన్నారు. కాటా మీద ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఫొటోలో కంటే సన్నగా ఉంది. మా డ్రైవరు మెట్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "ఓ అక్కా, ఓ వదినా, జర ఆగున్రి, మీటింగైతున్నది!"

"ఏసీ మెకానిక్ నాయిన ఈయనే!" అని ఎవరో అరిచారు. గుంపులో నవ్వు.

నేను దిగి వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను చూసి కాటా మీంచే అడిగింది. నోట్లో నాలుక లేని పిల్ల అన్నది ఈమె గురించే.

"మా ఇంటింటికి దిరిగింది మీరేనా? మిమ్ముల ఎవరు పంపిన్రు? ఏ కంపెనీ? పేరు జెప్పున్రి, పోతం."

"నేను చెప్పలేనమ్మా."

"మా అమ్మ నెల రోజులు సంబురపడ్డది. ఆమెకేం జెప్పాలె నేను?"

ఆమె వెనక తల్లి నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

"సరే," అంది ఆ అమ్మాయి. "నేనేం జేస్తనో తెల్సుకోనీకె షర్బతులు తాగుకుంట తిరగనక్కర లేదు. గీడనే చూడున్రి. చూసి మీ సేట్లకు మంచిగ రాసియ్యున్రి."

పుట్టుమచ్చ ఆవిడ డబ్బా అందుకుంది. ఇంకో ఇద్దరు కాటా మీదికి ఎక్కారు. వాళ్ళిద్దరికీ కలిపి ఒక్క జత రబ్బరు గ్లౌజులు. ఒకామె కుడి చేతికి, ఇంకొకామె ఎడమ చేతికి తొడుక్కున్నారు. కాలే డ్రమ్మును ఎత్తాలి. ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకున్నట్టు నిలబడి, ఈమె కుడిచెయ్యీ ఆమె ఎడమచెయ్యీ కలిపి ఒక మనిషిలా ఎత్తుతారు. ఒకామెకు ముక్కు దురద పెడితే రెండో ఆమె గోకాలి. గుంపంతా పడిపడి నవ్వింది. తర్వాత తనిఖీ అధికారి వచ్చాడు, ఆ అమ్మాయే. అంతలో అందరి చేతులకూ కొత్త గ్లౌజులు వచ్చాయి, ధర చీటీలతో సహా. అధికారి వెళ్ళగానే వాటిని లెక్కపెట్టి వెనక్కు తీసుకున్నారు. డ్రమ్ము మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ ఇద్దరిలో ఒకామె రాలేదు. మిగిలినామె ఒక గ్లౌజుతో డ్రమ్ము ముందు నిలబడి, తొడుగు లేని చేతిని చూసుకుంది. అక్కడ డబ్బా ఆగిపోయింది.

పైకి చూశాను. కిటికీలో ముగ్గురూ ఉన్నారు.

నేను మెట్లెక్కేసరికి వాదన నడుస్తోంది. "నాటకం బాగుంది, నేను కాదనను," అంటున్నారు యజమాని. "కానీ నియమం ఉంది. విచారణ సంగతి అభ్యర్థికి తెలిసిపోయింది. వీధంతా తెలిసిపోయింది. పేరు కొట్టేయాలి."

అధ్యక్షుడు నా వైపు తిరిగారు. "నియమం ఏమంటోంది మేడం?"

నియమాల పుస్తకం నాకు కంఠతా వచ్చు. అయినా తెరిచి చదివాను. "అవార్డుకు తన పేరు పరిశీలనలో ఉన్న సంగతి అభ్యర్థికి తెలిసిన పక్షంలో." పుస్తకం మూశాను. "విచారణ జరిగిందని వాళ్ళకు తెలుసండీ. దేనికో తెలియదు. మొదట సంబంధమనుకున్నారు. ఇప్పుడు యజమానుల గూఢచారిననుకుంటున్నారు. అవార్డు అని ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే తిట్టడానికి వస్తారా?"

ప్రిన్సిపాల్ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయితే కిందికి వెళ్ళి అడగండి, ఏమనుకుంటున్నారో," అన్నారు యజమాని.

"అడిగితే తెలిసిపోతుంది కదండీ."

అధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకున్నారు. "మేడం చెప్పింది నిజం. వాళ్ళు ఇంత అయోమయంలో ఉన్నంతవరకూ నియమం చెక్కుచెదరలేదు. కానీ ప్రకటించేదాకా అది అలాగే ఉండాలి. మీరు నిభాయించగలరా?"

నిభాయించాను. మళ్ళీ కిందికి దిగి, "ఇక వెళ్ళండమ్మా, నేనేమీ చెప్పలేను," అన్నాను. ఆ అమ్మాయి కాటా దిగి నా దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా, "మీ వయసు చూసి ఊకుంటున్న," అంది. ప్రకటన వెలువడే దాకా నేను ఆ పారిశ్రామికవాడలో యజమానుల మనిషిగానే తిరిగాను. కూరగాయల బండి దగ్గర కూడా నాకు మాట దక్కలేదు.

అధ్యక్షుడు ఫోన్ చేసి అవార్డు వచ్చిందంటే ఆ అమ్మాయి రెండుసార్లు పెట్టేసింది. మూడోసారి, "గిది కొత్త ప్లానా సార్?" అని అడిగిందట. చివరికి డాక్టరమ్మ వెళ్ళి చెప్పాల్సి వచ్చింది. మర్నాడు తల్లి నాకు ఫోన్ చేసింది.

"అవార్డంట గదమ్మా."

"అవునమ్మా. అప్పుడు చెప్పలేకపోయాను."

"అంటే ఆ పిలగాడు అసలే లేడా?"

"ఉన్నాడు. కానీ ఇరవై రెండేళ్ళవాడు. వాడికేమీ తెలియదు."

"పోనీలే," అందామె. "ఒక నెల ఇంట్ల సంబురమైతె అయ్యింది."

సంఘం హాల్లో ఆ రోజు ముందు వరుస నిండింది. గ్లౌజుల నాటకం ఈసారి అరగంటసేపు పూర్తిగా వేశారు. ముక్కు గోకే చోట యజమానులు కూడా నవ్వారు. డబ్బా ఆగిన చోట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకాయన లేచి గొంతు సవరించుకున్నారు.

"బాగుందమ్మా. ఇది ఏ కంపెనీలో జరిగింది?"

ఆ అమ్మాయి వెనక ఉన్న ఆడవాళ్ళ ముఖాలకు చున్నీలు కట్టి ఉన్నాయి, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె వాళ్ళ వైపు ఒకసారి చూసింది.

"పేరు జెప్పం సార్. చూస్తుంటె మీల ఎవరికి యాదికొచ్చిందో, వాల్లదే."

ఆయన కూర్చున్నారు. పక్కాయన ఆయన చెవిలో ఏదో అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపి ఇంకొకరి వైపు చూపించారు. ముందు వరుసంతా ఒకరినొకరు అలా చూసుకోవడం మొదలైంది. టీ తాగేటప్పుడు నేను ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. "నాకైనా చెప్పు, నిజంగా ఏ కంపెనీ?"

ఆమె మొదటిసారి నన్ను చూసి నవ్వింది. "ఏదీ గాదు మేడం. ఒక్కో కంపెనీలకెళ్ళి ఒక ముక్క తెచ్చి కుట్టినం. కుట్టుపనే గద మాది."

ఆ వారంలో ఆఫీసుకు ఫోన్లు వచ్చాయి. మొదట వచ్చింది ఆ ప్రశ్న అడిగినాయన దగ్గర్నుంచి. "మేడం, ఊరికే అడుగుతున్నా. అది మా కంపెనీ గురించి కాదు కదా? మీరు విచారణ చేశారట, మీకు తెలిసే ఉంటుంది."

"ఆ వివరాలు బయటపెట్టకూడదని మా ట్రస్టు నియమమండీ," అన్నాను.

"సరే. మా దగ్గర అలాంటిదేమీ లేదనుకోండి. అయినా సోమవారం నుంచి మనిషికి ఒక జత గ్లౌజులు ఇప్పిస్తున్నాం. ఆ అమ్మాయిని ఒకసారి మా గేటు దగ్గర కూడా నాటకం వేసుకోమనండి, మావాళ్ళు చూస్తారు."

ఆయన తర్వాత ఇంకో ముగ్గురు చేశారు. చివరివారు మా కమిటీలో ఉన్న యజమానే. ఆయన గొంతు తగ్గించి అడిగారు. ఆయనకు కూడా అదే జవాబు చెప్పాను, నియమం ఒప్పుకోదని.

అలాంటి నియమం మా పుస్తకంలో ఎక్కడా లేదు.